తాళం వేసిన ఇంటి కుక్క

రాయదుర్గం,
ఆదివారం.

అక్క పాదాలకు చెల్లెలు సుజాత దండాలు. మేమంతా బాగున్నాం, నిజంగానే బాగున్నాం. బావ మోకాలి నొప్పి తగ్గిందా? కంబదూరులో ఒక్క చినుకైనా పడిందా?

ఇక్కడ గాలే తప్ప వాన లేదు. జీన్సు ప్యాంట్లకు జేబులు కుట్టీ కుట్టీ వేళ్లు నీలమెక్కాయి. సంగటి ఎంత కెలికినా నీ చేతి సంగటిలా రాదు. మా ఆయన లారీ ఎక్కి పోతే ఎప్పుడొస్తాడో తెలియదు.

నా దిగులల్లా మా భవాని గురించే. బడి వదిలాక నేను వచ్చేదాకా సందులోనే ఉంటుంది. ఎదురింటి అరుగు మీద ఒక నల్లకుక్క ఉంది. మొన్నమొన్నటిదాకా మీ దగ్గర, బావ గొర్రెల మందకుక్కల మధ్య పెరిగిన పిల్ల కదా, కనబడిన కుక్కనల్లా వాటేసుకుంటుంది. భయమేసి, నాయన మనకు నేర్పిందే దానికీ నేర్పాను. తినే కుక్క జోలికి, పడుకున్న కుక్క జోలికి పోవద్దు. మీదికి ఉరకొద్దు, కళ్లలోకి చూడొద్దు. పక్కకు తిరిగి నిలబడితే అదే వచ్చి చెయ్యి వాసన చూస్తుంది. అన్నింటికన్నా ముందు, కాపరిని అడిగినట్టు, దాని యజమానిని అడగాలి.

పిల్ల బుద్ధిగా విన్నది. రోజూ "అడిగినమ్మా, తాత ఇంకా వద్దన్నాడు" అని చెప్పేది. నేను చీకటితో పోయి చీకటితో వచ్చేదాన్ని, ఎదురింటి వాకిలి సరిగ్గా చూసిందే లేదు. ఎంత మంచి తాత అనుకున్నాను.

ఎన్నాళ్లకో నిన్నా ఇవాళా సెలవిచ్చారు. నిన్న ఆ తాతకని గిన్నెలో సంగటి పెట్టుకుని బయల్దేరితే పక్కింటి ఓబులమ్మ ఆపింది.

"యా తాత తల్లీ! ఆయప్ప సచ్చిపోయి శానా దినాలాయ. ఆ పొద్దునుంచీ ఇంటికి బీగమేసే ఉండాది. కుక్క ఆడ్నుంచి కదలదు, దగ్గరికి పోతే పళ్లు చూపిస్తాది."

అప్పుడు పరికించి చూశాను అక్కా. తాళం తుప్పు పట్టి, సాలెగూడు కట్టి ఉంది. భవానిని అడిగితే, "తలుపు తీసే ఉంటాది కదమ్మా, తాత మంచం మీద కూర్చోనుంటాడు" అంది, మామూలుగా.

ఈ మధ్యాహ్నం "తాత సరే అన్నాడమ్మా!" అని కేక వినబడింది. నేను వాకిట్లోకి వచ్చేసరికి పిల్ల అరుగు పక్కన ఉంది. నేను అరిచినా, ఉరికినా కుక్క బెదిరి మీద పడుతుంది. నోరు మూసుకుని కొయ్యలా నిలబడ్డాను. నా బిడ్డ పక్కకు తిరిగి, చెయ్యి కిందికి పెట్టింది. కుక్క లేచింది. వాసన చూసింది. తల ఆ చేతి కింద పెట్టింది. తర్వాత అరుగు దిగి, భవాని వెంట మా గడప దాకా వచ్చి పడుకుంది.

నేనూ నిమురుదామని చెయ్యి చాపబోయి, ఎదురింటి తాళం వైపు తిరిగి, "ముట్టుకోవచ్చా పెద్దాయనా?" అన్నాను.

భవాని నవ్వింది. "ఆడ లేడమ్మా. దీని వెనకాలే మనింటికి వచ్చినాడు."

బావకు, అత్తకు నా దండాలు చెప్పు. మారెమ్మకు మా పేరున ఒక టెంకాయ కొట్టు. మేం బాగున్నాం, దిగులు పడొద్దు. పొద్దు గూకుతోంది. వాకిలి మూయాలంటే ఎవరిని అడగాలో తెలియడం లేదు.

నీ దీవెన కోరే చెల్లెలు,
సుజాత