కోటు గుండీల కొలత

అక్కా,

ఈ ఉత్తరం రాయకుండానే ఊరుకుందామనుకున్నాను. నువ్వు పోయి ఇవాళ్టికి ఏడాది. ఉన్నప్పుడే నా ఉత్తరాలు సగం చదివించుకుని, "వాడి సోది ఇక చాల్లే" అనేదానివి.

పొద్దున మనవరాలు స్నేహ ప్లెయిన్స్‌బరో నుంచి కార్లో ఓ మ్యూజియానికి తీసుకెళ్లింది. వందేళ్ల కిందట ఇక్కడ అమెరికా నూలు మిల్లుల్లో పనిచేసిన పిల్లల ఫొటోలు పెట్టారు. ఒక పిల్ల జుట్టు నిండా దూది పీచు, అచ్చం చిన్నప్పుడు మిల్లు నుంచి వచ్చేటప్పుడు నీకులాగే.

ఆ ఫొటోలు తీసినాయన గడుసువాడు. యజమానులు రానివ్వరని, మిషన్ల ఫొటోలు తీస్తానని చెప్పి లోపలికి వెళ్లేవాడట. పిల్లలు ఎంత చిన్నవాళ్లో చూపించడానికి వాళ్ల ఎత్తు కావాలి, టేపు తీస్తే పట్టుబడతాడు కదా, అందుకని తన కోటు గుండీలు నేలకు ఎంతెత్తులో ఉన్నాయో ముందే కొలుచుకుని, పిల్ల తల ఏ గుండీ దాకా వస్తే అదే ఎత్తని రాసుకునేవాడట. నాకు తెగ నచ్చాడు. ఇప్పుడైతే కుదరదు, అందరివీ జిప్పు జాకెట్లే. సరే, మళ్లీ సోది.

"తాతయ్యా, మీ అక్క మిల్‌లో ఉన్నప్పటి ఫొటో ఉందా?" అంది స్నేహ.

"ఒక్కటీ లేదే."

"మరి ఎంత హైట్ ఉండేవారు?"

నాన్న పక్కన నువ్వు మిల్లుకు నడుస్తుంటే వెనక నుంచి చూసేవాణ్ణి. నీ తల ఆయన మోచెయ్యి దాటేది కాదు. ఆయనదీ నాదీ ఒకే ఎత్తు. జాకెట్ జిప్పు తీసి, మోచేతికి సమంగా ఉన్న చొక్కా గుండీ మీద వేలు పెట్టాను.

"అలాగే ఉండండి," అంది.

మోకాళ్లు వంచి, ఫోన్‌ను ఆ గుండీ ఎత్తుకు దించి, నా పక్కన ఖాళీ చోటు కూడా పడేలా ఫొటో తీసింది.