పదికి తొమ్మిది

ప్రియమైన పిచ్చుకా,

నిన్న రెండో విడత కీమో మందు ఎక్కించారు. జబ్బు కాలేయానికి పాకిందట. నయం కాదు, మందుతో కొన్నాళ్ళు ఆపి చూద్దాం అంది డాక్టరమ్మ. మీ బావ బల్లమీద పెట్టిన చూపు బయటికొచ్చేదాకా ఎత్తలేదు.

ఇకనుంచి వెళ్ళిన ప్రతిసారీ ఒక కాగితం నింపాలట. నిద్ర, తిండి, ఓపిక, చేతులు, కాళ్ళు, ఇష్టమైన పని. ఎంత బాగుంటే పదికి అన్ని మార్కులు. ఈ వయసులో నాకు పరీక్షలేంటే! అది చాలదన్నట్టు, "మీకు అన్నిటికంటే ఏది ముఖ్యం?" అని అడిగింది. "పళ్ళు" అన్నాను. తెల్లబోయింది. కట్టుడు పళ్ళు చేస్తానని, మైనంలో ఒక్కో పన్నూ చెక్కుతుంటే జబ్బు గుర్తే రాదని చెప్పాను. శ్రద్ధగా రాసుకుంది.

వేలికొసలు కాస్త తిమ్మిరెక్కుతున్నాయి. ఈసారి ఆ సంగతి కాగితంలో రాయాలనుకుంటున్నాను.

అక్క


అక్కా,

తిమ్మిరీ గిమ్మిరీ అని రాశావో, నామీద ఒట్టే. మా అత్తగారు ఇలాగే నోరు జారింది. ఓపిక ఉండట్లేదంది, అంతే, మందు ఆపేశారు. నెలన్నర తిరక్కుండా పోయింది. వాళ్ళు అడిగేది మన సుఖం కోసం కాదక్కా, ఎవరికి మందు దండగో తేల్చుకోవడానికి.

అన్నిటికీ తొమ్మిదెయ్యి. పదేస్తే నమ్మరు. అమ్మ పోయాక నాకంటూ ఉన్నది నువ్వొక్కదానివే. నువ్వు లేకుండా నేను ఉండలేను. నా మాట విను.

పిచ్చుక


ప్రియమైన పిచ్చుకా,

మూడు నెలలుగా తొమ్మిదులే వేస్తున్నాను. డాక్టరమ్మ కాగితం చూస్తుంది, నా మొహం చూస్తుంది, "నిజమేనా అమ్మా?" అంటుంది. "మీ మందు మీద మీకే నమ్మకం లేకపోతే ఎలా?" అని నవ్వించేస్తాను. మీ బావ నోరు తెరవబోతే కాలు తొక్కుతాను. పాపం, ఆయన నాకంటే ముందు మంచాన పడేట్టున్నారు.

నీకు మాత్రం దాచను. మొన్న కోరపన్ను చెక్కుతుంటే వేలు తెగింది. మైనం ఎర్రబడ్డాక గానీ తెలీలేదు. కత్తి చేతిలో ఉందో లేదో కళ్ళతో చూసుకోవాల్సొస్తోంది. జాకెట్టు హుక్కులు మీ బావే పెడుతున్నారు. రోజూ ఏడుపొస్తోందే. ఇంకెన్నాళ్ళు ఈ తొమ్మిదులు?

అక్క


అక్కా,

స్కాన్ వచ్చేదాకా ఓర్చుకో. ఇన్నాళ్ళు పడ్డావు, ఇంకొక్క విడత. మనిషి బతికుంటే వేళ్ళదేముంది, అవే బాగవుతాయి. నాకోసం.

పిచ్చుక


ప్రియమైన పిచ్చుకా,

అక్షరాలు చూసి కంగారుపడకు. రాత మీ బావది, మాటలు నావి.

స్కాన్ వచ్చింది. జబ్బు పెరిగింది. మందు పనిచెయ్యలేదు.

డాక్టరమ్మ బల్లమీద గుండుసూది పెట్టి తియ్యమంది. నాలుగుసార్లు చూశాను, రాలేదు. ఎప్పటినుంచి అంది. రెండో విడత నుంచి అన్నాను. "అప్పుడే చెప్పుంటే మోతాదు తగ్గించేదాన్ని, లేదా మందు మార్చేదాన్ని. ప్రతిసారీ అందుకే కదమ్మా అడిగింది. మీ తొమ్మిదులు చూసే పూర్తి మోతాదు ఇచ్చుకుంటూ పోయాను" అంది. ఆమె కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. మీ అత్తగారి సంగతీ అడిగాను. మందు పనిచెయ్యకే ఆపి ఉంటారంది.

వేళ్ళు బాగవుతాయా అన్నాను. ఏడాది పైన పట్టొచ్చట. నాకున్నవి రెండు నెలలు, మహా అయితే మూడు. ఆ మూడు నెలలూ పనిబల్ల దగ్గర కూర్చుని ఎదుటివాళ్ళకి పళ్ళు చెక్కుకుంటూ పోవాల్సినదాన్ని. ఇప్పుడు నాకు అన్నం మీ బావ కలిపి పెడుతున్నారు. సగంలో ఉన్న పళ్ళసెట్టు ఇంకొకరికి పంపించేశాను.

నీమీద చాలా కోపంగా ఉందే. మీ బావ ఈ ముక్క రాయనంటున్నారు, రాసి తీరాలన్నాను. ప్రేమకొద్దీ చెప్పావని తెలుసు. విన్నదాన్ని నేనే, అదీ తెలుసు. అయినా పోవట్లేదు. మామూలప్పుడైతే ఓ ఆరునెలలు నీతో మాట్లాడకుండా ఉండి, తర్వాత నేనే మెత్తబడేదాన్ని. ఇప్పుడు అంత వ్యవధి లేదు.

కోపం ఉండగానే రా.

అక్క