బావ ముందు కుర్చీ

చేవెళ్ల మండలం,
శ్రావణమాసం, 2007.

సింధుజ బాపుకు నీలవేణి నమస్కరించి రాస్తున్నది.

ఇక్కడ అత్త, సింధుజ, నేను, గొడ్లు అందరం బాగానే ఉన్నాం. పన్వేల్‌లో మీరూ, మీరు నడిపే క్రేనూ బాగుండాలని కోరుతున్నాను. ఇంట్లో నువ్వు అని పిలిచేదాన్ని ఈ ఉత్తరంలో మీరు అని రాస్తున్నాను. గౌరవం పెరిగి కాదు. కోపంగా ఉన్నాను, మన మధ్య కొంచెం ఎడం ఉంటే మంచిది.

మీ ఉత్తరం అందింది. బర్రె ఈనిందా అని అడిగారు. ఈనింది, పెయ్యదూడ. సింధుజ మొయినాబాద్ బడికి సరిగ్గా పోతున్నదా అన్నారు. పోతున్నది. బస్సే సరిగ్గా రావడం లేదు, పట్నం నుంచి వస్తూ గండిపేట దగ్గర కార్లలో ఇరుక్కుపోతున్నది. ఇవి అయ్యాక అసలు ప్రశ్నలు వేశారు. అన్న చెప్పిన చోట సంతకం ఎందుకు పెట్టలేదు, నీకు ఇవన్నీ ఎవరు నేర్పిస్తున్నారు, గ్రామసభ రోజు ఫోన్ ఎందుకు కట్టయింది. ఆ మూడోదానికి చివర చెబుతాను. దానికి ధైర్యం కావాలి, రాస్తూ పోతే వస్తుందేమో చూస్తాను.

సంతకం సంగతి ముందు. నేను సర్పంచ్ ఎట్లా అయ్యానో మీరు మరిచినట్టున్నారు. రిజర్వేషన్‌లో సీటు ఆడవాళ్లకు పోయింది. మీ వదిన సరోజక్కను నిలబెడదామని మీ అన్న అనుకుంటే, ముగ్గురు పిల్లలున్నవాళ్లు నిలబడకూడదని రూలు అడ్డొచ్చింది. మనకు సింధుజ ఒక్కతే కాబట్టి నేను పనికొచ్చాను. గెలిచాక కట్టిన ఫ్లెక్సీలో మీ అన్నది నిలువెత్తు బొమ్మ. నా ముఖం మూలన పోస్టు స్టాంపంత. అప్పుడు మీరు నవ్వారు, నేనూ నవ్వాను. ఇప్పుడు ఆ నవ్వు తలుచుకుంటే నా మీద నాకే మండుతున్నది.

బావ ముందు తమ్ముడి భార్య కూర్చోకూడదు. గడపలో ఆయన దగ్గు వినబడితే మంచం దిగి, కొంగు తలమీదికి లాక్కొని, పక్కకు జరగాలి. ఎదురుపడి మాట్లాడకూడదు. ఇన్నేళ్లూ ఇంట్లో అలాగే ఉన్నాను, బరువనిపించలేదు. మీ అన్న దాన్ని పంచాయతీ ఆఫీసుకు మోసుకొచ్చారు. అదే రూలుతో ఆయనకూ ఏ పదవీ లేదు, అయినా నాకంటే ముందే వచ్చి నా కుర్చీలో కూర్చుంటారు. ఆయన కూర్చున్నాక నేను కూర్చోలేను, తలుపు దగ్గర నిలబడతాను. మాట్లాడకూడదు కాబట్టి మాట్లాడను. మీటింగ్ అయిపోతుంది. తర్వాత పంచాయతీ లెక్కలు రాసే కారోబార్ యాదయ్య తీర్మానాల పుస్తకం పట్టుకొని మన వంటింటికి వస్తాడు. పిండి చేతులు కడుక్కొని సంతకం చేస్తాను. నన్ను అణచడానికి మీ అన్నకు ఒక్క గట్టి మాటతో కూడా పని పడలేదు. దగ్గితే సరిపోయింది.

ఈసారి వంటింటికి వచ్చిన తీర్మానం ఊరి వెనక తుమ్మల జాగాది. ఆ జాగా మీకు సర్వే నంబరుగా తెలుసు, మాకు వేరేగా తెలుసు. తెల్లవారకముందే చెంబు పట్టుకొని ఊరి ఆడవాళ్లమంతా పోయేది అక్కడికే. చుట్టూ చెలకలన్నీ వెంచర్లై గోడలు లేచాయి. మిగిలింది అదొక్కటే. ఆ తీర్మానంలో దాన్ని కూడా వెంచర్‌వాళ్ల రోడ్డుకు ఇస్తున్నట్టు రాశారు. సాఫ్ట్‌వేర్ వాళ్లు వచ్చి ఇళ్లు కట్టుకుంటారట, ఊరికి పేరొస్తుందట.

నేను మీ అన్నను నేరుగా అడగకూడదు కదా. అందుకని వాకిట్లో ఆయనకు వినబడేట్టు సరోజక్కతో అన్నాను. “తుమ్మలు కొట్టేస్తే ఆడోళ్లు ఏడికి పోవాలెనో జర అడుగక్కా.”

ఆయన గోడకు జవాబు చెప్పారు. “ఎవరి తిప్పలు వాళ్లు పడ్తరు తియ్యి. గిదొక పంచాయతీల మాట్లాడే ముచ్చటనా?”

యాదయ్యను పుస్తకంతో సహా వెనక్కి పంపాను. మీ మొదటి ప్రశ్నకు జవాబు అది.

ఎవరు నేర్పిస్తున్నారంటారా? ఎవరూ కాదు. తుమ్మల మధ్య కూర్చున్నప్పుడు రోడ్డుమీద బండి లైటు పడితే చటుక్కున లేచి నిలబడాలి. లైటు పోయాక మళ్లీ కూర్చోవాలి. ఇప్పుడు వెంచర్ టిప్పర్లు ఆగకుండా తిరుగుతున్నాయి. మీ బిడ్డ ఈ మధ్య పొద్దుగూకితే నీళ్లు తాగడం మానేసింది. ఎందుకే అని అడిగితే, “పొద్దుగాల పోవుడు తప్పుతదమ్మా” అన్నది. తండ్రిగా మీకు ఈ సంగతి తెలుసా? నాకు పాఠం చెప్పింది ఆ పిల్లే.

గ్రామసభ బడి వరండాలో పెట్టారు. మండలం నుంచి ఆఫీసరు వచ్చాడు. బల్ల వెనక మీ అన్న ఎప్పటిలాగే ముందే కూర్చున్నారు, పక్కన ఒక కుర్చీ ఖాళీగా ఉంది. ఆయన నా వైపు చూడకుండా దగ్గారు. నేను కొంగు సర్దుకున్నాను. వెళ్లి ఆ కుర్చీలో కూర్చున్నాను.

ముందు వరసలో ఉన్న పెద్దమనిషి బాలమల్లు, “ఏందమ్మా గిది, లే” అన్నాడు. నేను లేవలేదు. ఇద్దరిలో ఎవరో ఒకరు లేవాలి. కాసేపు చూసి ఆ బాలమల్లే మీ అన్నతో అన్నాడు. “నువ్వన్న లే బాలరాజ్. తమ్ముని పెండ్లం పక్కపొంటి సమానంగ కూసుంటవా? నలుగురు చూస్తుండ్రు.”

మీ అన్న లేచారు. ఆ ఆచారం తనకు కూడా వర్తిస్తుందని ఆయన ఎన్నడూ అనుకోలేదు. ముఖం నల్లబడింది. జేబులోంచి ఫోన్ తీసి మీకు కలిపి, స్పీకర్ పెట్టి, నా ముందు బల్లమీద ఉంచారు. “దాని మొగడే చెప్తడు, ఇనుండ్రి” అన్నారు.

మీరు చెప్పారు. “నీలా, అన్న ముందల కూసున్నవట. లే. లేసి ఇంటికి పో.” నా మొగుడి గొంతు ఊరంతా విన్నది. ఎవరో కిసుక్కున నవ్వారు కూడా. ఆ తర్వాత ఫోన్ ఆగిపోయింది.

మిగిలింది మీరు వినలేదు కాబట్టి చెబుతున్నాను. తుమ్మల జాగా ఎవరికీ ఇవ్వం, గోడ కట్టి అందులో ఆడవాళ్లకు మరుగుదొడ్లు కడతాం అని తీర్మానం నేనే చదివాను. ఒప్పుకున్నవాళ్లు చేతులెత్తండి అన్నాను. వార్డు మెంబరు ప్రేమమ్మ ముందు ఎత్తింది. తర్వాత వెనక నేలమీద పరిచిన జంపఖానా మీద ఉన్న ఆడవాళ్లంతా ఎత్తారు. వాళ్ల మధ్యలో మీ అమ్మ ఉన్నది. మోకాళ్ల నొప్పులతో ఆ తుమ్మల దాకా రోజూ నడిచేది ఆమే కదా. సభ నుంచి ఇంటికి వచ్చినప్పటి నుంచి నాతో మాట్లాడటం లేదు, నా చేతి అన్నమూ తినడం లేదు. కానీ చెయ్యి ఎత్తింది, దించమన్నదాకా దించలేదు. తీర్మానం గెలిచింది. మీ అన్న వాకిట్లో వాళ్లింటికీ మనింటికీ మధ్య అడ్డంగా తడిక కట్టించారు. సరోజక్క మాత్రం తడిక మీదుగా కూర గిన్నె అందిస్తున్నది.

ఇక మూడో ప్రశ్న. సిగ్నల్ పోయిందా అని అడిగారు. మీ అన్న కూడా మీకు అలాగే చెప్పి ఉంటారు, పరువు కోసం. సిగ్నల్ పోలేదు. మీరు రెండోసారి ‘లే’ అనబోతుంటే నేనే ఎర్ర బటన్ నొక్కాను. అందరూ చూశారు. పెళ్లయ్యాక మీ మాటను మధ్యలో ఆపడం అదే మొదలు. దానికి క్షమించమని అడగను. నాకు ఏడుపు వచ్చింది నిజమే, అది బటన్ నొక్కినందుకు కాదు. ఫోన్ కలిసినప్పుడు, ‘ఏమైంది నీలా’ అని మీరు ముందు నన్ను అడుగుతారనుకున్నాను. అలా అనుకున్నందుకు వచ్చింది.

దసరా ముందు మళ్లీ గ్రామసభ ఉంది. మరుగుదొడ్ల పని ఎవరికివ్వాలో అందులో తేల్చాలి. వెంచర్‌వాళ్లూ, మీ అన్నా ఊరుకోరని తెలుసు. మీ ఓటు కూడా ఈ ఊళ్లోనే ఉన్నది, సెలవు పెట్టుకొని రండి. అన్న ఫోన్లోంచి కాదు, మనిషిగా రండి. జంపఖానా మీద అందరితోపాటు కూర్చోండి. మీకు చెప్పాల్సింది ఉంటే చెయ్యి ఎత్తండి. మాట్లాడనిస్తాను. మధ్యలో ఆపను.

ఇట్లు,
సింధుజ అమ్మ,
నీలవేణి, సర్పంచ్.