పడవ గుర్తు బ్యాడ్జీ

ఏలూరు,
18 జూలై 2006, మంగళవారం.

నాన్నకు, నానమ్మకు మీ మానస వందనాలు. నేను ఇక్కడ క్షేమం, మీరూ క్షేమమని నమ్ముతున్నాను. పోస్టులో ఆలస్యమవుతుందని పాస్టరు గారి చేతికిచ్చి పంపుతున్నాను. చెల్లీ పెర్సిస్, గబగబా చదవకుండా నానమ్మకు వినబడేలా నిదానంగా చదువు.

కాలేజీలో చరిత్ర ఎగ్జిబిషన్ బాగా జరిగింది. నేను పాత ఎన్నికల బ్యాడ్జీలు పెట్టాను. నాన్నా, ప్రభుత్వం వాళ్ళ పొక్లెయిన్లు మీరు కాపలా కాసే చేపల చెరువు తూర్పు గట్టు కూలగొట్టినప్పుడు మట్టిలో దొరికిందని మీరిచ్చిన రేకు బిళ్ళను చింతపండుతో తోమితే పడవ గుర్తు బయటపడింది. డెబ్బై ఎనిమిది ఎన్నికల్లో మన వైపు నిలబడిన ఇండిపెండెంటుదట. దూదిలో అమర్చి అద్దం కింద పెట్టాను. మేడం అందరి ముందూ మెచ్చుకున్నారు.

మీ చెరువు యజమాని సత్తిరాజు గారూ వచ్చారు. మిగతావేవీ చూడకుండా ఆ పడవ దగ్గరే నిలబడిపోయారు. ఎవరిచ్చారని అడిగితే గొప్పగా మీ పేరు చెప్పాను. నిన్న ఆ బ్యాడ్జీ కోసం మనిషిని పంపారు. నా దగ్గర లేదన్నాను.

నాన్నా, గురువారం పొద్దుటి బస్సుకే అందరూ ఏలూరు రండి. నానమ్మ కళ్ళు డాక్టరుకు చూపిద్దాం. చెరువు మీద ఎవరికీ చెప్పకండి, చెబితే సెలవివ్వరు. బట్టలు కాస్త ఎక్కువే తెచ్చుకోండి. నానమ్మా, నిన్ను చూసి డాక్టరే పారిపోతాడంటావని తెలుసు. అయినా రా.

మీ రాకకై ఎదురుచూస్తూ,
మానస.

తా.క.: పెర్సిస్, ఇక్కడి నుంచి బయటికి చదవకు, మనసులోనే చదువుకో. నాన్నకు తెలిస్తే ఏలూరు రారు, నేరుగా సత్తిరాజు గారి మీదికే వెళ్తారు. ఎగ్జిబిషన్‌లో నాతో, శుక్రవారం గట్టు మీదికి వచ్చి నాన్నతో ఒంటరిగా మాట్లాడతానన్నారాయన. వెళ్తూ వెళ్తూ నెమ్మదిగా, "వెనకాల గాలం ముల్లు ఇంకా ఉందా అండీ?" అని అడిగారు.

బ్యాడ్జీ వెనక వైపంతా దూదిలో ఉంది, బయటికి కనబడదు. తోమేటప్పుడు ఆ ముల్లు నేనొక్కదాన్నే చూశాను. అప్పుడు తట్టలేదు. పోలింగు రోజు తాతయ్య పడవ గుర్తు తరఫున ఏజెంటుగా బూత్‌లో కూర్చోడానికి బయల్దేరుతుంటే పిన్ను ఊడిందనీ, గాలం ముల్లు వంచి తనే చొక్కాకు తగిలించాననీ నానమ్మ ఎన్నిసార్లు చెప్పలేదు? ఆ రోజు వెళ్ళి తిరిగి రాని తాతయ్యను తను చూడనే లేదన్నది సత్తిరాజు గారే. తాడేపల్లిగూడెంలో ఇంకో సంసారం పెట్టాడని ఊరిని నమ్మించిందీ ఆయనే. ఆ వారమే ఆయన తూర్పు గట్టు పోయించాడట.

తాతయ్య ఎక్కడికీ పోలేదు. ఇన్నేళ్ళూ నాన్న రాత్రుళ్ళు కాపలా కాసిన గట్టులోనే ఉన్నాడు.