ధనుర్మాసం లోపల ఇల్లు అమ్మకం

నవంబర్ 1, శనివారం

నిర్ణయం అయిపోయింది! ధనుర్మాసం రాకముందే ఈ ఇల్లు అమ్మేస్తాను. జనం ఆ నెలలో ఇల్లు కొనరు కాబట్టి అంతే. నాకలాంటి పట్టింపులు లేవు.

ఉషకు ఉబ్బసం. మైపాడు సముద్రపు గాలి ఎండాకాలం ఎంత హాయో చలికాలం అంత హింస. వానలకు తడిసిన గోడలు శివరాత్రి దాకా ఆరవు. నిన్న రాత్రి కూడా నా భార్య మంచం మీద కూర్చునే నిద్రపోయింది. పొద్దున కాఫీ ఇస్తూ అంది: "ఈ చలికాలం ఎట్టాగో ఈదతానండీ. ఇంకోటి నావల్ల గాదు."

ఇక చూస్కో! నెల్లూరులో ఎండ తగిలే ఫ్లాట్. డిసెంబర్‌లో కొత్తింట్లో కాఫీ.

నవంబర్ 4, మంగళవారం

గేటుకు ఫ్లెక్సీ కట్టాను. "ఇల్లు అమ్మబడును." దాని కింద "వాస్తు, ముహూర్తాలు చూసేవారు శ్రమపడవద్దు" అని కూడా రాయించాలనుకున్నాను. హైస్కూల్లో ఫిజిక్స్ చెప్పేవాణ్ణి, మూఢనమ్మకాల మీద ఏటా ప్రసంగించేవాణ్ణి, ఆ మాత్రం ఉండొద్దూ! ఉష ఒప్పుకోలేదు. "ఆ మాట రాస్తే కాకి గూడా రాదు" అంది.

నవంబర్ 9, ఆదివారం

హాల్లో ఉత్తరం గోడకు పెద్ద చెమ్మ మరక. పొద్దున రెండు కోట్లు తెల్ల రంగు వేశాను. అద్భుతం! సాయంత్రానికి మరక మళ్ళీ బయటికొచ్చింది, ఈసారి ఇంకాస్త తెల్లగా.

బీరువా జరిపి అడ్డం పెట్టాను. సమస్య పరిష్కారం. నడుం పట్టేసింది.

నవంబర్ 16, ఆదివారం

మొదటి బేరం! జయరామయ్య గారు. లోపలి పల్లెల్లో వరి పండించే రైతు. సముద్రం పక్కన ఓ ఇల్లుండాలని ఆయన సరదా.

ఉష దగ్గు ఆగడం లేదు. బేరం చెడుతుందని పక్కింటి పిచ్చమ్మ దగ్గరికి పంపించాను. పిచ్చమ్మ వాళ్ళది చేపలు పట్టే కుటుంబం, గుడిసె మా ప్రహరీని ఆనుకునే ఉంటుంది.

ఆయన మేడెక్కి సముద్రం చూశాడు, మురిసిపోయాడు. దిగొచ్చి అడిగాడు: "గోడల్లో చెమ్మేమన్నా ఉంటదా అయ్యోరా?"

"అబ్బే!"

సరిగ్గా అప్పుడే గోడవతల దగ్గు. ఆగని దగ్గు.

"ఎవురది?"

"పక్కింటావిడ" అన్నాను.

ఆయన నమ్మాడు. ఇల్లూ నచ్చింది. అడ్వాన్సు మాట ఎత్తేసరికి తల గోక్కున్నాడు. "ఇంకో పది దినాలకు శుక్ర మూఢం పట్టతా ఉండాది. ఈలోపల నా పేరుబలానికి మంచి దినం లేదంట. ఆ పైన ధనుర్మాసం. మాఘం పొయ్యినాక జూద్దాం అయ్యోరా."

నాకు ఒళ్ళు మండింది. భూమి సూర్యుడి చుట్టూ ఎలా తిరుగుతుందో ఆయనకు టీ కప్పు, సాసరుతో చూపించాను. "మీరు అడ్వాన్సు ఇస్తున్నట్టు శుక్రుడికి తెలుసా?" అని అడిగాను. పెద్దాయన టీ సగంలో వదిలేసి వెళ్ళిపోయాడు.

ఉష తిరిగొచ్చి ఒక్కమాటే అంది. "నేను పక్కింటిదాన్నా?"

రాత్రి భోజనం ఎవరికి వారే వడ్డించుకున్నాం.

నవంబర్ 23, ఆదివారం

ఇద్దరొచ్చారు. ఒకాయన దిక్సూచి పట్టుకుని ఇల్లంతా తిరిగి, వంటగది మీద జాలి చూపించి వెళ్ళాడు. రెండోవాళ్ళు కారు కూడా దిగలేదు. మా ప్రహరీ మీద పిచ్చమ్మ ఎండబెట్టిన నెత్తళ్ళ చేపల వాసనకు అద్దాలెత్తుకుని అటే పోయారు.

పిచ్చమ్మకు చెప్పాను, నెల రోజులు గోడ వదిలెయ్యమని. "ఎండ వచ్చేదే రొండు పూటలు, అదీ నీ గోడ మీదనే బడతాది, ఏం జెయ్యమంటావా!" అంది. న్యాయమే.

డిసెంబర్ 2, మంగళవారం

వాయుగుండం. మూడు రోజులుగా వాన. కరెంటు లేదు. కరెంటు లేక ఉష మందు పీల్చే మిషన్ పని చేయలేదు. రాత్రంతా వీపు రాస్తూ కూర్చున్నాను. నాకు భయమేసింది. నిజంగా భయమేసింది.

తెల్లారగానే ఆటోలో నెల్లూరు. ఉషను డాక్టరుకు చూపించి, వాళ్ళక్క రోజారమణి ఇంట్లో దింపి వచ్చాను. వానలు తగ్గాక తీసుకొస్తానని చెప్పాను. "ఇల్లు అమ్మినాక రండి" అంది ఉష.

ఫ్లెక్సీ గాలికి ఎగిరిపోయింది. చూస్తే పిచ్చమ్మ గుడిసె మీద కప్పి ఉంది, అక్షరాలు పైకి. "అయ్యోరా, రోడ్డున పొయ్యేవోళ్ళు నా గుడిసెకు బేరమాడతా ఉండారు" అని నవ్వుతుంది. నాకు ఇంతవరకు అంత గిరాకీ లేదు.

డిసెంబర్ 13, శనివారం

దొరికింది!! ఏంజెలిన్ గారు. రొయ్యల పచ్చళ్ళు పెట్టి అమ్ముతారు, ఇక్కడే యూనిట్ పెట్టుకుంటారట. వాస్తు అడగలేదు. దిక్కు అడగలేదు. "ఆ బీరువా కాస్త జరపండి సార్" అని మాత్రం అన్నారు.

జరిపాను. చచ్చాననుకున్నాను.

ఆమె నవ్వింది. "మాదీ సముద్రమొడ్డే సార్. ప్లాస్టరింగంతా పీకించి, చెమ్మ పట్టకుండా చేయించుకుంటాంలే. గురువారం అడ్వాన్స్ తెస్తా."

ఉషకు ఫోన్ చేశాను. "బాల్కనీ ఉండే ఫ్లాట్ చూడండి" అంది.

డిసెంబర్ 17, బుధవారం

నిన్నటి నుంచి ధనుర్మాసం. తెల్లారకముందే గుడి మైకు. నిద్ర పట్టలేదు.

ఏదో ఆలోచన. ఏం లేదు. ఊరికే.

డిసెంబర్ 18, గురువారం

ఏంజెలిన్ గారు అడ్వాన్సుతో వచ్చారు. దస్తావేజులు బ్యాంకు లాకర్లో ఉన్నాయని, తాళంచెవి ఉష దగ్గరుందని చెప్పాను. తాళంచెవి నా జేబులోనే ఉంది.

ఆమె నా ముఖం చూసి అడిగింది: "సార్, మీకు నెల పట్టింపుందా?"

"నాకా? ఛ ఛ!"

"మాకు అన్ని నెలలూ దేవుడివే సార్. మీరే చెప్పండి ఎప్పుడు రమ్మంటారో."

డిసెంబర్ 19, శుక్రవారం

ఇది మూఢనమ్మకం కాదు. ఆలోచించి చూస్తే:

నాకు నమ్మకం లేదు. లేనంత మాత్రాన ప్రమాదం కొని తెచ్చుకోవాలా?

ఉషకు అసలే ఒంట్లో బాగాలేదు. శూన్యమాసంలో ఇల్లు చేతులు మారి, రేపు ఆమెకేదైనా అయితే? ఆమె కోసమే ఆగుతున్నాను.

పైగా ఈ చలిలో స్టాంపు కాగితాల మీద ఇంకు సరిగా ఆరదు. ఇది ఫిజిక్స్.

డిసెంబర్ 28, ఆదివారం

ఏంజెలిన్ గారి ఫోన్. ఎత్తలేదు. మళ్ళీ చేశారు. స్నానంలో ఉన్నాననుకుంటారులే.

సాయంత్రం మెసేజ్: "కోట ఊళ్ళో ఇంకో ఇల్లు చూశాను సార్. మీ ఇల్లే నచ్చింది. జనవరి ఆఖరుదాకా ఆగుతా."

జనవరి 8, గురువారం

స్కూల్లో నా వార్షిక ప్రసంగం. "పంచాంగం చూసి బతికేవాడు బతకడం మానేసి పంచాంగం చూస్తాడు!" చప్పట్లే చప్పట్లు.

ఇంటికొచ్చి క్యాలెండర్ చూశాను. తేదీ కోసమే. ఫిబ్రవరి 17 దాకా మూఢమేనట.

జనవరి 18, ఆదివారం

నెల్లూరు వెళ్ళాను. రోజారమణి వాళ్ళది రెండో అంతస్తు. ఉష కూరల సంచితో ఎక్కడా ఆగకుండా మెట్లెక్కింది. మధ్యాహ్నం భోంచేసి పడుకుంది. వెల్లకిలా. ఆమె అలా పడుకోగా చూసి ఎన్నాళ్ళయిందో! పక్కన కూర్చుని చూస్తూ ఉండిపోయాను.

లేచాక అడిగింది. "అడ్వాన్సు దీసుకున్నారా?"

అబద్ధం చెప్పబుద్ధి కాలేదు. "మూఢం పోయాక..." అన్నాను.

కోప్పడలేదు. కోప్పడితే బాగుండేది. "జయరామయ్య గారు ఆగినాడంటే అర్థముంది. కూర్చోని నిద్రపొయ్యేది ఆయన పెళ్ళాం గాదు గదా. మీరెందుకు ఆగినారు?"

బస్సులో మైపాడు దాకా సిగ్గుతో కిటికీ బయటికే చూశాను.

జనవరి 20, మంగళవారం

చాలు! బీరువా జరిపాను. మరక బీరువా కంటే పెద్దదయింది. పిచ్చమ్మ దగ్గరికెళ్ళి ఫ్లెక్సీ అడిగితే, "అది తీస్తే మంచు నా నెత్తిన గారతాది, నీకింక దానితో పనేముంది, ఆ పచ్చళ్ళామెకు ఫోన్ జెయ్యి" అంది.

నిజమే. మూఢం లేదు, మాఘం లేదు. ఉష మళ్ళీ ఈ గోడల మధ్య పడుకోకూడదు. నిర్ణయం అయిపోయింది! ఇల్లు అమ్మేస్తున్నాను. ఏంజెలిన్ గారి నంబర్ తీశాను. ఫోన్ చేతిలోనే ఉంది.

ఈరోజు మంగళవారం కదా.

రేపు చేస్తాను. పొద్దున్నే, రాహుకాలం రాకముందే.