అంకితం మీద స్టిక్కరు

రాజాంలో ఉన్న బావకు,

ప్రచురించేవాళ్లు దొరక్క నా కథల పుస్తకం నేనే అచ్చు వేయించుకున్నాను. మా ఇల్లు కురుస్తుందని ప్రెస్సు నుంచి కట్టలన్నీ నేరుగా మీ కొత్త ఇంటికే పంపించాను. మీరు వాటిని గృహప్రవేశానికి వచ్చినవాళ్లకు కానుకలుగా పంచారు. అదైనా సహించేవాణ్ణి. “చేపల తట్ట మోసి నన్ను చదివించిన మా అమ్మ కూర్మమ్మకు” అన్న అంకితం మీద, ఒక్క కాపీ కూడా వదలకుండా, మీ దంపతుల ఫొటో స్టిక్కరు అంటించారు.

ఫోన్లో అడిగితే, “ఆ పేజీ ఎవుడు సదువుతాడ్రా? ఖాళీగా ఉన్నాదని అంటించినాం” అని నవ్వారు.

స్టిక్కరు పీకితే కాగితం చిరిగిపోతోందని అక్క చెప్పింది. అమ్మకు చదువు రాదు. తన పేరు ఎక్కడుందో చూపించమని రోజూ అడుగుతోంది.

ఆదివారం ఆవిడను మీ ఇంటికి తీసుకొస్తున్నాను. మీరే చూపించండి.

మీ బావమరిది