పిల్ల ముందు పెట్టిన గిన్నె

ఆదివారం, నకిరేకల్

ఈరోజు మందిరంలో నా ప్రసంగంలో యూదుల పాతకాలపు ప్రధానం, అంటే పెళ్లి నిశ్చితార్థం గురించి చెప్పాను. పెళ్లికొడుకు ద్రాక్షరసం గిన్నె పిల్ల ముందు పెడతాడు. ఆమె తాగితేనే ఒప్పుకున్నట్టు. ఆ తర్వాతే అతను తండ్రి ఇంట్లో ఆమెకు గది కట్టడానికి వెళ్తాడు. రక్షణ కూడా అంతేనని, క్రీస్తు ఎవరినీ బలవంతపెట్టడని అన్నాను. ఆమెన్‌లు బాగానే వినిపించాయి.

అన్నం తినేటప్పుడు మా అమ్మాయి శాంతి అడిగింది.

“నాయినా, గా పిల్ల తాగకపోతే ఏం జేస్తుండిరి?”

“సంబంధం గక్కడికే ఆగిపోతుండె బిడ్డా.”

“మంచి రివాజే,” అని కంచం తీసుకుని లేచింది.

మేళ్లచెరువు వాళ్లకు గురువారమే మాటిచ్చాను. వచ్చే ఆదివారం శాంతి ప్రధానం. అబ్బాయికి సిమెంటు ఫ్యాక్టరీలో ఉద్యోగం, వంక పెట్టడానికి ఏమీ లేదు. పిల్లను అడగలేదన్న సంగతి, పొద్దున వాక్యం చెబుతున్నప్పుడు కూడా నాకు తట్టలేదు.

సాయంత్రం నేనే చాయ్ పెట్టి శాంతి ముందు ఉంచాను.

“మొదలు అడుగు నాయినా, గప్పుడు తాగుత,” అంది.

కాదంటే మేళ్లచెరువుకు ఏమని ఫోన్ చేయాలో ఆలోచిస్తూ నిలబడ్డాను. చాయ్ మీద మీగడ కట్టింది.